నాలుగో గడి ఇంకా ఖాళీగానే ఉంది

ముందు చిన్న తూకం వేద్దాం. ఈ తక్కెడలో ఒక పక్క 2013లో పానాసోనిక్ తెచ్చిన జీఎం1 కెమెరా పెడుతున్నాను. బ్యాటరీ, కార్డు లోపలే ఉన్నాయి. 204 గ్రాములు. దానికి తోడుగా 12-32 జూమ్, 70 గ్రాములు. పక్కనే 35-100 జూమ్, చిన్నది, 135 గ్రాములు. విశాలమైన దృశ్యం దగ్గర నుంచి ఓ మోస్తరు దూరం దాకా పనికొచ్చే సరంజామా అంతా ఒక పళ్ళెంలోకి వచ్చేసింది. రెండో పళ్ళెంలో ఒకే ఒక్క లెన్సు పెడుతున్నాను, ఒలింపస్ 25 మి.మీ. ఎఫ్ 1.2. ముల్లు ఎక్కడ ఆగిందో చూడండి. నట్టనడుమ. ఇటు 409, అటు 410.

(నవ్వులు)

రెండు పళ్ళాల్లో ఉన్నవీ ఒకే కుటుంబానికి చెందినవి, ఒకే మౌంట్‌కు, అంటే లెన్సు బిగించే వలయానికి, బిగుసుకుంటాయి. ఆ 25ను వెక్కిరించడానికి ఈ తూకం వేయలేదు. అది గొప్ప లెన్సు. 2016లో కొత్తగా వచ్చినప్పుడు ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకుని వారం రోజులు మెడలో వేసుకుని తిరిగాను. ఎనిమిదో రోజు తిరిగి ఇచ్చేటప్పుడు కాస్తయినా దిగులు కలగలేదు. అదే నాకు ఆశ్చర్యం వేసింది. అంత మంచి వస్తువును ఎందుకు కావాలనుకోలేదు అని ఆలోచించుకుంటే, మెడ నొప్పి ఒక్కటే కాదు, ఇంకో సంగతి తట్టింది. ఆ వారమంతా నేను పెద్ద కెమెరా మోస్తున్నవాడిలాగే నడిచాను.

చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలకు ఇంకా ఏ లెన్సులు కావాలి అన్నది ఈ సాయంత్రం నాకు ఇచ్చిన ప్రశ్న. ఈ ప్రశ్న ఎవరిని అడిగినా ఇంకా వెలుగు మింగే లెన్సులు కావాలంటారు, ఎఫ్ 1.2 సరిపోదు, ఎఫ్ 0.95 కావాలంటారు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు లోపలికి వస్తుంది). నా సంచి చూసుకుంటే నాకు అలా అనిపించదు. నా సంచిలో లెన్సులకు నాలుగు గడులున్నాయి. మొదటి దాంట్లో ఒలింపస్ 12-45 ఎఫ్ 4 జూమ్, 254 గ్రాములు. రెండో దాంట్లో పానాసోనిక్ 20 ఎఫ్ 1.7. మూడో దాంట్లో ఒలింపస్ 45 ఎఫ్ 1.8, 116 గ్రాములు. నాలుగో గడి ఏళ్ళ తరబడి ఖాళీ. అందులో పెట్టుకోవలసిన లెన్సును ఇంతవరకూ ఎవరూ చేయలేదు. దాని చుట్టూనే నా మాటలు తిరుగుతాయి, దారిలో మరో రెండు మూడు ఫిర్యాదులు కూడా వినిపిస్తాను.

నేను ఎక్కువగా మైక్రో ఫోర్ థర్డ్స్ గురించే మాట్లాడతాను, నాకు బాగా తెలిసిన ఇల్లు అదే కాబట్టి. 2008 ఆగస్టులో ఒలింపస్, పానాసోనిక్ కలిసి ఈ ప్రమాణాన్ని ప్రకటించాయి. అంతకు ముందున్న ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో అద్దం ఉండేది, మౌంట్ నుంచి సెన్సార్ దాకా 38.67 మి.మీ. ఖాళీ కావలసి వచ్చేది. అద్దం తీసేశాక ఆ దూరం 19.25కు దిగింది, దాదాపు సగం. సెన్సార్ మాత్రం పాతదే, 17.3 మి.మీ. వెడల్పు, 13 మి.మీ. ఎత్తు. వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్‌కు, అంటే పాత ఫిల్ము అంత ఉండే పెద్ద సెన్సార్‌కు, నాలుగో వంతు కన్నా ఓ పిసరు ఎక్కువ. లెన్సు పేరులో ఉండే మి.మీ. అంకెను, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, రెండుతో గుణిస్తే ఫుల్ ఫ్రేమ్‌లో అదే దృశ్యం ఎంతకు వస్తుందో తెలుస్తుంది. 25 అంటే అక్కడి 50, 100 అంటే అక్కడి 200. ఈ లెక్క కాసేపు గుర్తుంచుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

చిన్న సెన్సార్ ఉంటే లెన్సులన్నీ వాటంతట అవే చిన్నవైపోతాయని ఒక నమ్మకం ఉంది. సగమే నిజం. విశాలంగా చూసే వైడ్ లెన్సుల్లో, కంటి చూపుకు దగ్గరగా ఉండే నార్మల్ లెన్సుల్లో నిజమే. అద్దం లేదు, లెన్సు సెన్సార్ దగ్గరికి జరగవచ్చు, అంచుల వంపును కెమెరా లోపలి ప్రోగ్రామ్ సరిచేస్తుంది, కాబట్టి గాజు ముక్కలు తగ్గించుకోవచ్చు. పానాసోనిక్ 14 ఎఫ్ 2.5 బరువు 55 గ్రాములంటే ఆ ఉపాయాల చలవే. దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్సుల దగ్గరికి వచ్చేసరికి ఆ ఉపాయాలేవీ పనిచేయవు. అక్కడ బరువును ముందు గాజు నిర్ణయిస్తుంది. ముందు గాజు ఎంత ఉండాలో లెన్సు కనుపాప నిర్ణయిస్తుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే వచ్చేదే కనుపాప వెడల్పు. 300ను 4తో భాగిస్తే 75 మి.మీ. వెనక ఉన్న సెన్సార్ గోరంతదైనా, అరచేయంతదైనా ఆ 75 తగ్గదు. ఒలింపస్ 300 ఎఫ్ 4 బరువు ట్రైపాడ్ పట్టీ లేకుండానే 1270 గ్రాములు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. పిండి కొద్దీ రొట్టె.

సరే, నాలుగో గడి సంగతికి వచ్చే ముందు ఏవి కిక్కిరిసి ఉన్నాయో చూద్దాం. నార్మల్ లెన్సుల అర తీసుకోండి. పానాసోనిక్ 20 ఎఫ్ 1.7, 25 ఎఫ్ 1.4, 25 ఎఫ్ 1.7. ఒలింపస్ 25 ఎఫ్ 1.8, ఇందాకటి 25 ఎఫ్ 1.2. ఒలింపస్ కెమెరా విభాగం 2021 జనవరి నుంచి ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ అయ్యాక వచ్చిన 20 ఎఫ్ 1.4. రెండు ఇళ్ళూ కలిసి ఒకే గదిలో ఆరు మంచాలు వేశాయి. ఇతర కంపెనీలవి నేను లెక్కపెట్టనే లేదు. ఇంకొకటి వస్తే దండ వేసి ఆహ్వానిస్తాను కానీ కొనను.

ఎఫ్ 1.2ల ముచ్చట కూడా చెప్పుకోవాలి. 17, 25, 45, మూడూ తలా నాలుగు వందల గ్రాముల దగ్గర ఉంటాయి. 25 ఎఫ్ 1.2 కనుపాప 21 మి.మీ. కూడా లేదు. ఫుల్ ఫ్రేమ్‌లో అదే దృశ్యం, వెనక అదే మసక కావాలంటే 50 ఎఫ్ 2.4 చాలు. నేపథ్యాన్ని కరిగించడం కోసమే ఇంత మోయాలనుకుంటే పెద్ద సెన్సార్ కొనుక్కోవడమే తెలివి. చీకటి కోసం అంటారా, కదలని వస్తువులకు ఆ అవసరం 2012లోనే చాలావరకు తీరింది. ఆ ఏడాది వచ్చిన ఓఎం-డీ ఈ-ఎం5 సెన్సార్‌ను ఐదు రకాల కదలికలకు ఎదురుగా కదిపి చేతి వణుకును అణచింది. రాత్రి పూట గోడ, వంతెన, ఖాళీ వీధి చేత్తో పట్టుకునే తీయవచ్చు. చీకట్లో పరుగెత్తే పిల్లలకు ఆ స్థిరీకరణ పనికిరాదు, నిజమే. వాళ్ళకు ఎఫ్ 1.2 కావాలి. అది ఉంది కూడా. ఉన్నదాన్ని అడగడానికి నేను ఇక్కడికి రాలేదు.

ఇక నాలుగో గడి.

ప్రైమ్ లెన్సులను, అంటే జూమ్ లేని ఒకే కొలత లెన్సులను, వరసగా పేర్చి చూడండి. 9, 12, 14, 15, 17, 20, 25, 42.5, 45, 60, 75. మెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, చిన్న పిల్లలు కూడా ఎక్కేయవచ్చు. 75 దాటాక 2023లో వచ్చిన ఓఎం 90 ఎఫ్ 3.5 ఉంది. అది మాక్రో, 453 గ్రాములు, పురుగుల కళ్ళు తీయడానికి పుట్టింది. ఆ తరువాత కాలు పెడితే పానాసోనిక్ 200 ఎఫ్ 2.8, 1245 గ్రాములు. దాని తరువాత 300 ఎఫ్ 4. రెండు అంగుళాల మెట్లు ఎక్కుతూ వచ్చినవాడికి ఉన్నట్టుండి నిలువు గోడ.

జూమ్‌లు లేవా అంటారు. ఉన్నాయి, వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం కూడా. 2022లో వచ్చిన 40-150 ఎఫ్ 4, 382 గ్రాములు, వానలో తడిసినా దిగులు లేదు. 150 దగ్గర అది ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు పోవాలంటే 75-300 ఉంది, 423 గ్రాములు, బరువు బాగుంది. కానీ చివరికి వచ్చేసరికి ఎఫ్ 6.7. పొద్దు వాలాక చెట్టు నీడలో కూర్చున్న పిట్టకు ఎఫ్ 6.7 అంటే ఐఎస్‌ఓను, అంటే సెన్సార్ సున్నితత్వాన్ని, అమాంతం పెంచాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా లెన్సుల రంధ్రాన్ని ఒక అడుగు మూస్తే పదును పెరుగుతుంది. ఎఫ్ 6.7 నుంచి మూస్తే ఎక్కడికి పోతాం? ఈ సెన్సార్ మీద ఎఫ్ 11 దగ్గర కాంతి వివర్తనం వల్ల, అంటే సన్నని రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదరడం వల్ల, పదును కంటికి తెలిసేలా తగ్గుతుంది. అటు నుయ్యి, ఇటు గొయ్యి, మధ్యలో నిలబడడానికి కాస్త చోటే ఉంటుంది.

నేను అడిగేది 200 మి.మీ. ఎఫ్ 4. కనుపాప 50 మి.మీ. ఇందాకటి 75-300 చివర్లో దాని కనుపాప 45. అంటే ముందు గాజు పరంగా పెద్ద తేడా లేదు. జూమ్‌కు కావలసిన కదిలే గొట్టాలు ఉండవు. ఐదారు వందల గ్రాముల్లో తేల్చవచ్చని నా అంచనా. చేసి చూపించే పని ఇంజనీర్లది, అడిగే పని మనది.

ఇది గొంతెమ్మ కోరిక కాదని చెప్పడానికి రెండు సాక్ష్యాలు ఇస్తాను. మొదటిది నికాన్ 2015లో తెచ్చిన 300 ఎఫ్ 4 పీఎఫ్. లోపల ఫ్రెనెల్ తరహా మూలకం ఒకటి వాడారు, సన్నని గాట్లతో కాంతిని వంచే గాజు. ఆ ఒక్క ముక్కతో పాత 300 ఎఫ్ 4 బరువు 1440 గ్రాముల నుంచి 755కు దిగింది. అది ఫుల్ ఫ్రేమ్ లెన్సు. కనుపాప అదే 75. పెద్ద సెన్సార్ కోసం చేసిన లెన్సు 755 గ్రాములు, చిన్న సెన్సార్ కోసం చేసిన 300 ఎఫ్ 4 ఏమో 1270. చిన్నదనమే మా బలం అని చెప్పుకునేవాళ్ళం ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసి తల దించుకోవాలి. ఆ గాజుకు ఒక లోపం ఉంది, ఫ్రేమ్‌లో గట్టి దీపం ఉంటే దాని చుట్టూ వింత వలయాలు వస్తాయి. పిట్టలు తీసేవాళ్ళు ఎంతమంది దీపాలకు ఎదురుగా తీస్తారు?

రెండో సాక్ష్యం కానన్ ఆర్ఎఫ్ 600 ఎఫ్ 11. 2020లో అది వచ్చినప్పుడు ఎఫ్ 11 అన్న మాట విని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత లెక్క వేశాను. దాని కనుపాప 54.5 మి.మీ. మన వైపు 300 ఎఫ్ 5.6 చేస్తే కనుపాప దాదాపు అంతే, దృశ్యం కూడా అంతే. ఆ కానన్ లెన్సు 930 గ్రాములు. పెద్ద కెమెరాల వాళ్ళు వెలుగు వదులుకుని తేలిక వైపు ఒక అడుగు వేశారు. తేలిక పేరు మీదే బతుకుతున్న మనవాళ్ళు 2024లో 150-600 తెచ్చారు, రెండు కిలోల పైన. అది అవసరమైనవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ముందు చేయవలసింది అది కాదు.

ఒకవేళ 200 మరీ ఎక్కువ కోరిక అనిపిస్తే, దిగి వచ్చి 100 ఎఫ్ 2.8 అడుగుతాను. కనుపాప 36. ఒలింపస్ 75 ఎఫ్ 1.8 కనుపాప 42, బరువు 305. దానికన్నా సన్నగా, తేలికగా ఉండవలసిన లెన్సు ఇది. ముఖాలకు, వేదిక మీద మాట్లాడేవాళ్ళకు, ఎదుటి కొండ మీద ఒక్క చెట్టుకు ఇంతకన్నా చక్కని కొలత ఉండదు. ఈ అరను ఇన్నేళ్ళు ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాదు. బహుశా జూమ్‌లు దాన్ని కప్పేస్తాయన్న ధీమా కావచ్చు.

రెండో ఫిర్యాదు 14 గురించి. అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 28. ఇప్పుడు చేతుల్లో ఉన్న ఫోన్లలో చాలావాటి ప్రధాన కెమెరా 24, 28ల మధ్య చూస్తుంది. లోకం కన్ను ఆ వెడల్పుకు అలవాటు పడింది. అలాంటి దానికి మనకున్న చిన్న లెన్సు 2010 నాటి పానాసోనిక్ 14 ఎఫ్ 2.5. తరువాత రెండో రూపం వచ్చింది, లోపలి సంగతి పెద్దగా మారలేదు. కాయిన్ లాగా జేబులో పడేసుకోవచ్చు, ఆ గుణం దానికి ఎన్నటికీ పోదు. కానీ అంచులు మెత్తన, వాన పడితే సంచిలో దాచాలి. ఎఫ్ 2, చప్పుడు చేయని మోటారు, నీరు చొరని రబ్బరు వలయం, 130 గ్రాముల లోపు. ఈ నాలుగూ ఒకచోట కుదరవని మాత్రం అనకండి. అదే పానాసోనిక్ 2022లో 9 ఎఫ్ 1.7 చేసింది. 14 కన్నా ఎంతో విశాలం, ఎంతో వెలుగు, చినుకులకు తట్టుకుంటుంది, బరువు సరిగ్గా 130. 9 దగ్గర చేయగలిగినవాళ్ళు 14 దగ్గర చేయలేరా?

ఒలింపస్ 12 ఎఫ్ 2లో, 17 ఎఫ్ 1.8లో ఒక అందమైన ఏర్పాటు ఉండేది. ఫోకస్ వలయాన్ని వెనక్కి లాగితే దూరాలు రాసిన కొలబద్ద బయటపడుతుంది. రెండు మీటర్ల దగ్గర పెట్టుకుని ఎఫ్ 5.6కు మూసి నడిచిపోవచ్చు, ఆటోఫోకస్ కోసం ఆగనక్కరలేదు. వీధిలో తీసేవాళ్ళకు వరం అది. కొత్త 14 చేస్తే ఆ వలయం కూడా పెట్టండి బాబూ అని వేడుకుంటాను.

నా రెండో గడిలోని 20 ఎఫ్ 1.7 గురించి రెండు మాటలు. 2009 నాటిది, వంద గ్రాములు, వెనకటి రోజుల్లో ఈ వ్యవస్థలోకి చాలామందిని లాక్కొచ్చిన లెన్సు. దాని బొమ్మ ఈ రోజుకీ నాకు ముద్దుగానే ఉంటుంది. ఫోకస్ చేసేటప్పుడు గాజు మొత్తం ముందుకీ వెనక్కీ కదులుతుంది. అందుకని నెమ్మది, అందుకని గరగర. చీకట్లో అది ముందుకు వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళేలోపు ఎదుటి మనిషి నవ్వడం మానేసి ఉంటాడు. గాజు అదే ఉంచి మోటారు మారిస్తే చాలు అనేవాళ్ళున్నారు. అంత మొత్తం గాజును వేగంగా కదపాలంటే మోటారు పెరుగుతుంది, పళ్ళెంలా పలచగా ఉన్నది డబ్బా అవుతుంది. కొత్తగా గీయవలసిందే. కొంచెం మందమైనా నేను ఒప్పుకుంటాను.

వాన సంగతి. కెమెరాలకు కట్టుదిట్టం వచ్చి చాలా కాలమైంది. లెన్సుకు లేకపోతే కెమెరాకు ఉండి లాభమేమిటి? గొడుగు ఉంది కానీ చెప్పులు నానిపోయాయి అన్నట్టు ఉంటుంది. 2025లో ఓఎం-3 కెమెరాతో పాటు 17 ఎఫ్ 1.8, 25 ఎఫ్ 1.8 లెన్సులకు కొత్త రూపాలు వచ్చాయి, వానకు తట్టుకునేలా. ఇది చాలా మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. 2011లో వచ్చిన 45కు, 2012లో వచ్చిన 75కు ఆ భాగ్యం లేదు. ఆ వరసలోనే వాటికీ చేయాలి. చేసేటప్పుడు ఫిల్టర్ కొలతలు కూడా కాస్త చూసుకోవాలి. 45కు 37 మి.మీ., 17కు 46, 75కు 58, ఇంకో జూమ్‌కు 62. వెనకటి ఓఎం ఫిల్ము కెమెరాల కాలంలో చిన్న లెన్సుల్లో చాలావాటికి ఒకే 49 మి.మీ. ఫిల్టర్ సరిపోయేది. సంచిలో అన్నిటికన్నా బరువుండేది లెన్సులే కావాలి కానీ ఫిల్టర్ల డబ్బా కాకూడదు.

భవనాలు తీసేవాళ్ళ తరఫున ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన రెండు కంపెనీల నుంచి సొంతంగా షిఫ్ట్ లెన్సు లేదు, అంటే కెమెరాను వంచకుండా గాజును పైకి జరిపి భవనం గీతలను నిటారుగా ఉంచే లెన్సు. ఫుల్ ఫ్రేమ్ కోసం చేసినది అడాప్టర్‌తో పెట్టుకుంటే కానన్ 17 కాస్తా 34 అవుతుంది, లావోవా 15 కాస్తా 30 అవుతుంది. ఎదురుగా గోడ, వెనక్కి జరగడానికి చోటు లేదు. 10 మి.మీ. ఎఫ్ 4 కావాలి. మన సెన్సార్ మూలల మధ్య దూరం 21.6 మి.మీ. ఐదు మి.మీ. పైకి జరపాలంటే 29 మి.మీ. వెడల్పు బొమ్మ వలయం వేయగలిగితే చాలు. ఫుల్ ఫ్రేమ్‌కు మామూలుగానే 43 కావాలి. కెమెరాలో నిలువు గీతలను సరిచేసే సదుపాయం ఉంది కదా అంటే, ఉంది, బొమ్మ పైభాగాన్ని సాగదీసి సరిచేస్తుంది. సాగదీసిన చోట పలచబడుతుంది.

ఇక మీ ప్రశ్నలు.

(సభికుల నుంచి: ఇవన్నీ చేస్తే కొనేవాళ్ళు ఉంటారా?)

తెలియదు. కానీ చేయనివాళ్ళ కథ తెలుసు. నికాన్ 1 వ్యవస్థ 2011లో వచ్చింది. వేగంలో ఆ కెమెరాలకు అప్పట్లో సాటి లేదు. కిట్ జూమ్‌లు దండిగా వచ్చాయి, ప్రైమ్ లెన్సులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2018లో మూసేశారు. కెమెరా కొన్నవాడు రెండో లెన్సు కోసం చూసినప్పుడు అర ఖాళీగా కనిపిస్తే, మూడో లెన్సు వేరే దుకాణంలో వెతుక్కుంటాడు.

(సభికుల నుంచి: నాలుగో గడి నిజంగా ఖాళీగానే ఉంచుతారా?)

పట్టుబడిపోయాను. లేదు, ఇదిగో, అందులో ఉన్నది ఇది. ఓఎం ఫిల్ము కెమెరాల నాటి జుయికో 100 ఎఫ్ 2.8. 230 గ్రాములు, 49 మి.మీ. ఫిల్టర్. ఫుల్ ఫ్రేమ్ ఫిల్ముకు చేసినది, అయినా ఇంతే ఉంది చూడండి, పిడికిట్లో దాక్కుంటుంది. మధ్యలో అడాప్టర్ పెట్టాలి, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఇది ఎవరో కెమెరాకు తెలియదు, అందుకని ఫోకల్ లెంగ్త్ ఎంతో మెనూలోకి వెళ్ళి మనమే చెప్పాలి, లేకపోతే స్థిరీకరణ తప్పుడు లెక్కలు వేస్తుంది. మొన్న ఒక ఉదయం వేరే పాత లెన్సు కోసం 28 అని పెట్టి మార్చడం మరిచిపోయాను. లకుముకి పిట్ట వచ్చింది, కొమ్మ మీద కూర్చుంది, నోట్లో చేపతో చాలాసేపు అలాగే ఉంది. నలభై ఫొటోలు తీశాను. నలభైలోనూ పిట్ట వణుకుతోంది.